ఇంధన విజ్ఞానం: బొగ్గు పొరలలో వాయువు – చేలోని పైరా, గాదెలోని గింజా?

“ఫలానా ప్రాంతంలో అపార సహజవాయు నిక్షేపాలు, దశాబ్దాల అవసరాలకు సరిపడే ఇంధనం” అన్న శీర్షిక దినపత్రికలలో కనిపించడం మన పాఠకులకు కొత్త కాదు. కొన్నేళ్లు గడిచిన పిదప అదే ప్రాంతాన్ని గురించి “ఆశించిన ఫలితాలు లభించలేదు” అన్న చిన్న వార్త లోపలి పుటలో ఏ మూలనో దర్శనమిస్తుంది. ఈ రెండు వార్తల నడుమ జరిగినదేమిటి? మొదట చెప్పిన అంకె అసత్యమా? లేక భూగర్భంలోని వాయువు ఎటైనా తరలిపోయిందా? రెండూ కావు. ఆ అంకె దేనిని లెక్కించినదో చెప్పకపోవడంలోనే చిక్కంతా ఉన్నది. సంప్రదాయేతర వాయు నిక్షేపాల విషయంలో ఈ చిక్కు మరింత జటిలం. అందుచేత ఈ నెల మన శీర్షికలో ఆ నిక్షేపాలను ఎలా అంచనా వేస్తారో, ఎలా అభివృద్ధి చేస్తారో, దామోదర్ లోయలోని బొగ్గు పొరలను ఉదాహరణగా తీసుకుని పరిశీలిద్దాం.

సంప్రదాయం – సంప్రదాయేతరం

భూగర్భంలో చమురు, వాయువు పెద్ద పెద్ద చెరువుల వలె నిలిచి ఉంటాయని చాలామంది భావిస్తారు. వాస్తవానికి అవి రాతి రేణువుల మధ్య ఉండే సన్నని ఖాళీలలో ఉంటాయి. ఇసుకరాయి వంటి శిలలో ఖాళీలు విశాలంగా ఉండి, ఒకదానితో ఒకటి కలిసి ఉండి, పైన అభేద్యమైన బంకరాతి మూత ఉన్నట్లయితే అక్కడ చేరిన వాయువు బావి తవ్వగానే తన పీడనంతోనే పైకి ఎగదన్నుకు వస్తుంది. ఇది సంప్రదాయ నిక్షేపం. ద్రవాన్ని గాని, వాయువును గాని తన గుండా పోనిచ్చే ఈ గుణాన్ని పారగమ్యత అంటారు. ఫ్రాన్సులోని డిజాన్ నగరపు నీటి సరఫరా ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో ప్రకటించిన సూత్రమే నేటికీ ఈ కొలతకు ఆధారం. అందుకే ఆ ప్రమాణానికి డార్సీ అని పేరు; అందులో వేయవ వంతు మిల్లీడార్సీ.

ఈ సౌకర్యాలు లేని చోట ఉన్న వాయువు సంప్రదాయేతరం. అందులో ముఖ్యమైనవి నాలుగు రకాలు. పారగమ్యత మిల్లీడార్సీలో పదవ వంతు కూడా లేని బిగుతు ఇసుకరాళ్లలో ఉన్నది మొదటిది. అంతకంటె ఎన్నో వేల రెట్లు బిగుతైన షేల్ శిలలో, అంటే వాయువు పుట్టిన శిలలోనే, చిక్కుకుపోయి ఉన్నది రెండవది. బొగ్గు పొరలను అంటిపెట్టుకుని ఉన్నది మూడవది. సముద్రగర్భంలో శీతల పరిస్థితులలో, అధిక పీడనం వద్ద నీటి అణువుల పంజరాలలో బంధింపబడిన హైడ్రేట్ నాలుగవది. మన కృష్ణా–గోదావరి తీరానికి ఆవల లోతైన సముద్రంలో 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే నౌక జరిపిన తవ్వకాలలో సుమారు 130 మీటర్ల మందమైన హైడ్రేట్ పొర బయటపడింది. 2015లో జరిగిన రెండవ యాత్రలో ఇసుక పొరలలోనూ దాని ఉనికి స్థిరపడింది. అయినను, ప్రపంచంలో ఎక్కడా హైడ్రేట్ నుండి వాణిజ్య స్థాయి ఉత్పత్తి ఇంతవరకు సాధ్యపడలేదు. ఉన్నదని తెలియడం వేరు, తీయగలగడం వేరు అనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

శత్రువుగా పరిచయమైన వాయువు

బొగ్గు గనులలో పనిచేసినవారికి మీథేన్ కొత్త చుట్టం కాదు. అది తరతరాల శత్రువు. గాలిలో దాని పాలు 5 నుండి 15 శాతం మధ్య ఉన్నపుడు ఒక్క నిప్పురవ్వ చాలు, పేలుడు సంభవిస్తుంది. ఈ ప్రమాదాన్ని నివారించేందుకే సర్ హంఫ్రీ డేవీ 1815లో గనుల రక్షక దీపాన్ని రూపొందించాడు. మన దేశంలో 1965 మే 28న ధన్‌బాద్ సమీపాన ధోరీ గనిలో సంభవించిన పేలుడు 268 మంది కార్మికులను బలిగొన్నది. అందుచేతనే గనులలోకి నిరంతరం గాలిని తోలి, మీథేన్‌ను పలుచన చేసి వాతావరణంలోకి వదలడం ఆనవాయితీగా వస్తున్నది.

ఇలా వదలివేయబడే వాయువు రెండు విధాల నష్టం. ఒకటి, వంటకూ, ఎరువులకూ, విద్యుత్తుకూ పనికివచ్చే ఇంధనం వృథా కావడం. రెండు, వాతావరణంలో నూరేళ్ల వ్యవధిని లెక్కిస్తే మీథేన్ భూతాపాన్ని పెంచడంలో బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 28 రెట్లు బలమైనది కావడం. గని తవ్వడానికి ముందే బోరుబావుల ద్వారా ఈ వాయువును తీసివేయగలిగితే ఇంధనమూ దక్కుతుంది, తరువాత గనిలో దిగే కార్మికునికి అపాయమూ తగ్గుతుంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని బ్లాక్ వారియర్ క్షేత్రంలో 1970వ దశకంలో ఈ ప్రయత్నం గనుల భద్రత కోసమే మొదలై, పిమ్మట ఒక పరిశ్రమగా ఎదిగింది. రక్షణ కోసం తీసిన వాయువు రాబడి కూడా తెచ్చిపెట్టిందన్నమాట.

ఇంగువ కట్టిన గుడ్డ

ఇసుకరాతిలో వాయువు ఖాళీలలో నిండి ఉంటుంది. బొగ్గులో అలా కాదు. బొగ్గు నిండా కంటికి కనిపించని సూక్ష్మ రంధ్రాలు ఉంటాయి. ఒక గ్రాము బొగ్గులోని ఆ రంధ్రాల లోపలి గోడలన్నిటినీ పరచినట్లయితే నూరు చదరపు మీటర్లకు మించిన వైశాల్యం ఏర్పడుతుంది. మీథేన్ అణువులు ఆ గోడలను ఒక పల్చని పొరగా అంటిపెట్టుకుని ఉంటాయి. దీనినే శాస్త్ర పరిభాషలో అధిశోషణం అంటారు. ఇంగువ కట్టిన గుడ్డ మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఇంగువ అయిపోయినా వాసన గుడ్డను వదలదు. బొగ్గుకూ మీథేన్‌కూ ఉన్న బంధం అటువంటిదే. తేడా ఏమంటే, ఇక్కడ ఆ బంధాన్ని నిలబెట్టేది పొరలలో నిండి ఉన్న నీటి పీడనం. ఆ నీటిని తోడి పీడనాన్ని తగ్గిస్తే తప్ప వాయువు గోడను విడిచి బయటకు రాదు.

ఎంత పీడనం వద్ద ఎంత వాయువు అంటుకుని ఉండగలదో చెప్పే సూత్రాన్ని అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1918లో ప్రతిపాదించాడు. ఉపరితల రసాయన శాస్త్రంలో చేసిన కృషికి గాను 1932లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆయన రేఖ మొదట నిటారుగా లేచి, పీడనం పెరిగిన కొద్దీ క్రమంగా చదునవుతుంది. అనగా అధిక పీడనం వద్ద పీడనాన్ని కొంత తగ్గించినా బొగ్గు తన వాయువును అంతగా వదలదు. అల్ప పీడనానికి దిగివచ్చినపుడే ధారాళంగా విడుదల చేస్తుంది. ఈ ఒక్క లక్షణమే బొగ్గు వాయువు ఇంజనీరు సహనాన్ని పరీక్షించేది.

ఒకే చదరపు కిలోమీటరు – మూడు అంకెలు

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. హైస్కూలు పిల్లలు కూడా కాగితం మీద వేసి చూడవచ్చు. ఇందులోని అంకెలు సులభంగా అర్థమయ్యేందుకు ఎన్నుకున్నవే గాని ఏ క్షేత్రానికీ చెందినవి కావు. ఒక చదరపు కిలోమీటరు భూమి కింద, 800 మీటర్ల లోతున, మొత్తం 20 మీటర్ల మందం గల బొగ్గు పొరలు ఉన్నవనుకుందాం. బొగ్గు ఘనపరిమాణం 2 కోట్ల ఘనపు మీటర్లు. ఘనపు మీటరు 1.4 టన్నులు తూగితే బొగ్గు 2 కోట్ల 80 లక్షల టన్నులు.

ఆ లోతున నీటి పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 80 కిలోలు. ఈ బొగ్గు టన్నుకు గరిష్ఠంగా 20 ఘనపు మీటర్ల వాయువును పట్టుకోగలదనీ, అందులో సగం పట్టుకునే పీడనం 40 కిలోలనీ ప్రయోగశాల తెలిపిందనుకుందాం. లాంగ్‌మ్యూర్ సూత్రం ప్రకారం గరిష్ఠ పరిమాణాన్ని పీడనంతో గుణించి, ఆ పీడనానికి సగం పట్టుకునే పీడనాన్ని కలిపి వచ్చిన మొత్తంతో భాగించాలి. 20ని 80తో హెచ్చించి 120తో భాగిస్తే టన్నుకు 13.3 ఘనపు మీటర్లు వస్తుంది. దీనిని మొత్తం బొగ్గుతో గుణిస్తే 37 కోట్ల ఘనపు మీటర్లు. పత్రికలకు ఎక్కే అంకె సాధారణంగా ఇటువంటిదే.

కాని ఇది బొగ్గు పట్టుకోగల సామర్థ్యం. నిజంగా పట్టుకుని ఉన్నది ఎంత అన్నది వేరే ప్రశ్న. కోట్ల సంవత్సరాల కాలంలో భూపొరలు పైకి లేవడం, పైనున్న శిలలు కొట్టుకుపోవడం వంటి కారణాల వల్ల కొంత వాయువు తప్పించుకుని పోయి ఉండవచ్చు. దానిని కొలవడానికి మార్గం ఒక్కటే: బోరు వేసి బొగ్గు ముక్కను పైకి తీసి, క్షణం ఆలస్యం చేయక గాలి చొరని డబ్బాలో బంధించి, పొరలోని ఉష్ణోగ్రత వద్దే ఉంచి, వారాల తరబడి విడుదలయ్యే వాయువును కొలవడం. ముక్క పైకి వచ్చేలోగా పోయిన వాయువును, విడుదలైన మొత్తం పరిమాణాన్ని కాలపు వర్గమూలానికి ఎదురుగా గీసిన రేఖను వెనుకకు పొడిగించి అంచనా వేస్తారు. చివరకు ముక్కను పొడి చేసి మిగిలిన వాయువును కూడా కొలుస్తారు. పోయినది, వచ్చినది, మిగిలినది ఈ మూడూ కలిస్తేనే అసలు పరిమాణం. అర్ధరాత్రి వేళ రిగ్గు వద్ద నిలబడి, కోర్ బారెల్ పైకి వచ్చిన ఘడియను నిమిషాలతో సహా నమోదు చేసే జూనియర్ భూగర్భ శాస్త్రజ్ఞుని చేతిలో వందల కోట్ల పెట్టుబడి భవితవ్యం ఉంటుందంటే అతిశయోక్తి కాదు. అతడు పది నిమిషాలు తప్పు రాస్తే పోయిన వాయువు లెక్క తప్పుతుంది.

మన ఉదాహరణలో ఆ కొలత టన్నుకు 8 ఘనపు మీటర్లు అని తేలిందనుకుందాం. అప్పుడు మొత్తం వాయువు 37 కోట్లు కాదు, 22 కోట్ల 40 లక్షల ఘనపు మీటర్లు మాత్రమే. అంతేకాదు, 8 ఘనపు మీటర్లకు సరిపడే పీడనం అదే సూత్రం ప్రకారం సుమారు 27 కిలోలు. అంటే 80 నుండి 27కు పీడనం దిగేవరకు బావి నుండి నీరే తప్ప చెప్పుకోదగిన వాయువు రాదు.

ఇక మూడవ అంకె. పీడనాన్ని సున్నాకు దించడం ఆచరణ సాధ్యం కాదు. 7 కిలోల వరకు దించగలిగామనుకుంటే అప్పటికి బొగ్గులో టన్నుకు దాదాపు 3 ఘనపు మీటర్లు మిగిలే ఉంటుంది. బయటకు రాగలది 5 మాత్రమే. ఆ విధంగా మన చదరపు కిలోమీటరు నుండి రాగలది 14 కోట్ల ఘనపు మీటర్లు. ముప్పై ఏడు, ఇరవై రెండు, పద్నాలుగు – భూమి ఒక్కటే, బొగ్గు ఒక్కటే, అంకెలు మూడు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. అయితే ప్రతి అంకెకూ తన పేరు ఉన్నది. పేరు చెప్పకుండా అంకె మాత్రమే చెప్పడమే దోషం.

దీని పర్యవసానం ఇంటి లెక్కలో చూడండి. పైపు ద్వారా వంట గ్యాసు వాడే కుటుంబానికి నెలకు 15 ఘనపు మీటర్లు అనుకుంటే, 37 కోట్లతో లక్షకు పైగా కుటుంబాలకు ఇరవై ఏళ్లు సరఫరా చేయవచ్చుననిపిస్తుంది. 14 కోట్లతో అదే కాలం పాటు సరఫరా చేయగలిగేది దాదాపు 39 వేల కుటుంబాలకే. లక్ష కుటుంబాలకని పైపులైను వేసి, కంప్రెసర్లు కొని, అప్పులు తెచ్చిన సంస్థ గతి ఏమవుతుందో వేరుగా చెప్పనవసరం లేదు. (మన ఇళ్లలోని ఎర్ర సిలిండరులో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం, పైపులో వచ్చేది మీథేన్. రెండూ ఒకటి కావని పిల్లలు గుర్తుంచుకోవాలి.)

రాతికి ఆర్థిక సంవత్సరం తెలియదు

పై మూడవ అంకె కూడా ఒక షరతుకు లోబడి ఉన్నది. గోడను విడిచిన వాయువు బావి వరకు నడిచి రావడానికి దారి ఉండాలి. బొగ్గులో ఆ దారులు సహజంగా ఏర్పడిన నిలువు చీలికలు. బొగ్గు పెళ్లను చేతిలోకి తీసుకుంటే ఒకదానికొకటి అడ్డంగా పోయే సన్నని పగుళ్లు కనిపిస్తాయి కదా, అవే. లోతు పెరిగిన కొద్దీ పైబరువుకు ఆ చీలికలు మూసుకుపోతాయి. అందుచేత లోతున వాయువు ఎక్కువగా ఉన్నప్పటికీ దారి ఇరుకు. పైన దారి వెడల్పుగా ఉన్నా వాయువు తక్కువ. ఈ రెంటి నడుమ అనువైన లోతును గుర్తించడమే మూల్యాంకనంలో కీలకం. పొరలోకి కొలిచిన మేరకు నీటిని పంపి, ఆపి, పీడనం ఏ వేగంతో తగ్గుతున్నదో గమనించి పారగమ్యతను లెక్కిస్తారు. చాలకపోతే ఇసుక కలిపిన నీటిని తీవ్ర పీడనంతో పంపి పగుళ్లను సృష్టిస్తారు. ఇసుక ఆ పగుళ్లు మూసుకుపోకుండా నిలబెడుతుంది.

అయినను ఒక్క బావిని బట్టి తీర్పు చెప్పరాదు. నలుమూలలా నాలుగు, మధ్యలో ఒకటి చొప్పున ఐదు బావులు తవ్వి నెలల తరబడి నీటిని తోడి చూడాలి. చుట్టూ ఉన్న నాలుగు బావులు నీటిని లాగుతుండగా మధ్య బావి చుట్టూ పీడనం త్వరగా దిగి, అక్కడ వాయువు ముందుగా పెరుగుతుంది. సంప్రదాయ నిక్షేపంలో బావులు దగ్గరగా ఉంటే ఒకదాని వాటాను మరొకటి కాజేస్తుంది; ఇక్కడ ఒకదానికొకటి సాయపడతాయి. ఉత్పత్తి తీరు కూడా తలకిందులే. సంప్రదాయ బావిలో మొదటి రోజే అత్యధిక ఉత్పత్తి, పిమ్మట క్షీణత. బొగ్గు బావిలో మొదట అంతా నీరే. నెలలు గడిచిన కొద్దీ నీరు తగ్గుతూ వాయువు పెరుగుతూ, ఎంతో కాలానికి గాని శిఖరానికి చేరదు.

ఇక్కడే మన వంటి ప్రభుత్వ రంగ సంస్థలలో పనిచేసేవారికి అసలు పరీక్ష ఎదురవుతుంది. కేటాయించిన సొమ్ము మార్చి 31 లోగా ఖర్చు కావాలి, ఫలితం ఆ నివేదికలోనే కనిపించాలి. కాని రాతికి ఆర్థిక సంవత్సరం తెలియదు. తొందరపడి నీటిని వేగంగా తోడితే బొగ్గు నుసి చీలికలను పూడ్చివేస్తుంది, పంపును పాడుచేస్తుంది. మధ్యలో పంపులు ఆగితే దిగిన పీడనం మరల ఎక్కుతుంది. ఆరు నెలలకే “నీరు తప్ప ఏమీ రాలేదు” అని మూసివేసిన ప్రయోగం మంచి క్షేత్రాన్ని చెడ్డదిగా ముద్రవేయవచ్చు; రెండు మంచి బావులను చూసి వంద బావులకు ఉత్తరువులిస్తే చెడ్డ క్షేత్రంలో సొమ్ము పారబోసినట్లవుతుంది. అమెరికాలో జార్జి మిచెల్ సంస్థ బార్నెట్ షేల్‌లో మొదటి బావి తవ్వినది 1981లో. చౌకగా వాయువును రాబట్టే పద్ధతి కుదిరినది 1997–98లో. పదహారేళ్లకు పైబడిన ఆ ఓర్పే తరువాతి షేల్ విప్లవానికి పునాది.

అంకెల వరదలో దేశాలు

సంఖ్యలు ఎంతగా మారగలవో తెలుసుకోవడానికి పోలెండ్ మంచి పాఠం. అమెరికా ఇంధన సమాచార సంస్థ 2011లో ఆ దేశపు షేల్ వాయువును 187 లక్షల కోట్ల ఘనపుటడుగులుగా అంచనా వేసింది. 2012లో పోలెండ్ భూవిజ్ఞాన సంస్థ పాత బావుల సమాచారాన్ని పరిశీలించి, 12 నుండి 27 లక్షల కోట్ల ఘనపుటడుగుల మేరకు లభించే సంభావ్యత అధికమని ప్రకటించింది. అదే ఏడు ఎక్సాన్ మొబిల్ అక్కడి నుండి వైదొలగింది. మన దేశపు షేల్ వాయువు విషయంలోనూ అంతే. అదే అమెరికా సంస్థ 2011లో 63 అన్నది, 2013లో 96 అన్నది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2012లో మూడు క్షేత్రాలను మాత్రమే లెక్కించి 6.1 అన్నది. దుర్గాపూర్ సమీపాన ఇచ్ఛాపూర్ వద్ద 2011 జనవరిలో ఓఎన్‌జీసీ తవ్విన బావిలో దామోదర్ లోయ షేల్ నుండి తొలిసారిగా వాయువు వెలువడినది వాస్తవం. కాని వెలువడడం నుండి వాణిజ్య ఉత్పత్తి వరకు ఉన్న దూరం ఇంకా తరగలేదు. “ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం” అన్న సామెత ఇంజనీర్లను ఉద్దేశించి పుట్టలేదు గాని, మన బల్లల మీద రాసి పెట్టుకోదగినదే.

బొగ్గు పొరల వాయువు కథ ఇంకొంత ముందుకు నడిచింది. కేంద్ర ప్రభుత్వం 1997లో విధానాన్ని ప్రకటించింది. 2001–2010 మధ్య నాలుగు విడతలలోను, విడిగాను కలిపి 33 బ్లాకులు కేటాయించబడినవి. గోదావరి లోయలోని కొత్తగూడెం ప్రాంతపు బ్లాకు కూడా వాటిలో ఒకటి. అది ఉత్పత్తి దశకు చేరలేదు. రాణిగంజ్ దక్షిణ బ్లాకులో 2007లో వాణిజ్య విక్రయం మొదలైంది. ఝరియాలోని పర్బత్‌పూర్ వద్ద ఓఎన్‌జీసీ ప్రయోగాత్మక బావులు ఆ తరువాత కొద్దిపాటి వాయువును అందించినవి. మధ్యప్రదేశ్‌లోని సోహాగ్‌పూర్‌లో రిలయన్స్ సంస్థ 2017లో ఉత్పత్తి ప్రారంభించింది. అక్కడి వాయువును తరలించేందుకు షాడోల్ నుండి ఫూల్‌పూర్ వరకు 302 కిలోమీటర్ల పైపులైను వేయబడింది. 2017లోనే ఈ వాయువుకు ధర, విక్రయ స్వేచ్ఛ లభించినవి. 2018లో తన గనుల కౌలు ప్రాంతాలలో విడి లైసెన్సు లేకుండానే ఈ వాయువును తీసుకునే హక్కు కోల్ ఇండియాకు దక్కింది.

ఇక ఫలితాన్ని అంకెలలో చూస్తే, దేశంలోని మొత్తం బొగ్గు వాయు వనరు 92 లక్షల కోట్ల ఘనపుటడుగులని అంచనా. అందులో బావుల ద్వారా ఉనికి నిర్ధారణ అయినది సుమారు 9.9 లక్షల కోట్లు. ఏటా వెలికి వస్తున్నది ఇటీవలి సంవత్సరాలలో 65–70 కోట్ల ఘనపు మీటర్లు. దేశీయ సహజవాయు ఉత్పత్తిలో రమారమి రెండు శాతం. మన వినియోగంలో దాదాపు సగం వాయువును ద్రవ రూపంలో ఓడల మీద దిగుమతి చేసుకుంటున్న తరుణంలో ఈ రెండు శాతమూ విలువైనదే. కాని 92ను చూసి ఉప్పొంగనూ రాదు, రెండు శాతాన్ని చూసి కుంగనూ రాదు. రైతు లెక్కతో పోల్చి చెప్పాలంటే, మొదటిది చేలోని పైరు. నిర్ధారణ అయినది కోసి కళ్లానికి చేర్చిన కుప్ప. నేటి ధరకు, నేటి సాంకేతికతతో, ఆమోదించిన పథకం ప్రకారం తీయగలిగినది గాదెలోని గింజ. పైరును చూసి విందుకు పిలిచే రైతు ఉండడు.

నీరు, నేల, నేల మీది మనుషులు

లెక్కలో తరచు విడిచిపెట్టబడే మరొక పద్దు ఉన్నది. తోడిన నీటిని ఎక్కడికి పంపాలి? బొగ్గు పొరల నీటిలో సాధారణంగా లవణాలు, ముఖ్యంగా సోడియం, అధికం. శుద్ధి చేయక పొలాలకు వదిలితే సోడియం బంకమట్టిని బిగదీసి, నీరు ఇంకకుండా చేస్తుంది. అనతికాలంలోనే మాగాణి చౌడుబారుతుంది. అందుచేత శుద్ధి కేంద్రం ఖర్చును బావి ఖర్చులో భాగంగా మొదటి రోజునే రాయాలి; తరువాత చేర్చేది కాదు. బావి గోడకు సిమెంటు ఎంత బాగా పట్టినదీ పరీక్షించి, ఊరి మంచినీటి పొరలకూ బొగ్గు పొరలకూ సంపర్కం లేదని రుజువు పరచడం కూడా అంతే ముఖ్యం.

పొరుగున ఉన్న తమిళనాడులో కావేరి డెల్టాలోని మన్నార్‌గుడి బ్లాకు అనుభవం అందరూ తెలుసుకోదగినది. 2010లో కేటాయించబడిన ఆ బ్లాకులో పని రైతుల తీవ్ర ప్రతిఘటన వలన ముందుకు సాగలేదు. చివరకు 2020లో ఆ రాష్ట్ర శాసనసభ డెల్టా ప్రాంతాన్ని రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టమే చేసింది. రైతుల భయాలన్నీ శాస్త్రీయమా కాదా అన్న చర్చ అలా ఉంచి, ఒక మాట మాత్రం ఒప్పుకోక తప్పదు. మూడు పంటల నేల మీద బతికేవాడు “నా బావి నీరు ఏమవుతుంది?” అని అడగడం అజ్ఞానం కాదు, అతడి మూల్యాంకనం అది. దానికి అంకెలతో, అర్థమయ్యే భాషలో, ముందుగానే సమాధానం చెప్పలేని పథకం పూర్తి అయిన పథకం కాదు. భూగర్భంలో పారగమ్యత ఎంత అవసరమో, భూమి పైన విశ్వాసం అంత అవసరం.

ఈ రంగంలో అడుగిడుతున్న యువ ఇంజనీర్లకు చెప్పవలసినది కొద్దిగానే ఉన్నది. ఏ అంకెను పైకి పంపినా దాని పేరు, దాని పుట్టుక, దాని అనిశ్చితి కలిపి పంపండి. సామర్థ్యాన్ని ఉనికిగా, ఉనికిని లభ్యంగా రాయకండి. పెద్ద అంకె కోరే అధికారి ఎదుట చిన్న అంకెను నిలబెట్టడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి ఆధారం డబ్బాలోని బొగ్గు ముక్క, దాని పక్కన నిమిషాలతో సహా రాసిన పుస్తకం. ఇంటి వద్ద ఉన్న మన పాఠకులకూ ఒక విన్నపం. ఇకపై “అపార నిక్షేపాలు” అన్న వార్త చదివినపుడు, “ఇది పైరా, కుప్పా, గింజా?” అని ఒక్కసారి ప్రశ్నించండి. ఆ ప్రశ్న అడిగే ప్రజలున్న దేశంలో అంకెలు వాటంతట అవే వినయం నేర్చుకుంటాయి.

వచ్చే సంచికలో: ద్రవ సహజవాయువు – మైనస్ 162 డిగ్రీల వద్ద ఓడలో ఎలా ప్రయాణిస్తుంది?